వార్మ్‌వెల్, సెప్టెంబరు 1940: హైదరాబాదు స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్‌ను బల్ల మీద కట్టుకోవడం

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ నడిపిన యుద్ధవిమానం స్పిట్‌ఫైర్. దాని ప్లాస్టిక్ మోడల్ కిట్, అంటే ముక్కలు అతికించి కట్టుకునే పెట్టె, కొనడం తేలిక. ఏ స్పిట్‌ఫైర్ కడుతున్నామో తేల్చుకోవడం దగ్గరే చాలామంది తడబడతారు. పదేళ్లలో ఇరవై వేలకు పైగా తయారైన విమానం అది. 1938లో స్క్వాడ్రన్లకు అందిన దానికీ, 1940లో లండన్ మీది ఆకాశంలో పోరాడిన దానికీ, 1945లో బర్మా అడవుల మీద ఎగిరిన దానికీ పేరొక్కటే. ముక్కు వేరు, రంగు వేరు, పైలట్ తల మీది కళ్లద్దం లాంటి మూత, అంటే కానొపీ, వేరు. పెట్టె మీది బొమ్మ చూసి కొంత, ఇంటర్నెట్‌లో ఫొటో చూసి కొంత కలిపి కట్టేస్తే అది ఏ రోజూ ఎగరని విమానం అవుతుంది. నా మొదటి స్పిట్‌ఫైర్ అలాంటిదే. 1940లో జర్మన్ విమానదాడులను ఎదుర్కొన్న ‘బ్రిటన్ యుద్ధం’ నాటి అక్షరాలు వేసి, తోక దగ్గర లేత ఆకుపచ్చ పట్టీ కూడా చుట్టాను. ఆ పట్టీ వాడకంలోకి వచ్చింది 1940 చివర్లో. అప్పటికి నేను చూపించిన యుద్ధం ముగిసిపోయింది.

అందుకే ఈ మార్గదర్శిలో ముందు తేదీ పెట్టుకుందాం: 1940 సెప్టెంబరు, ఇంగ్లండు దక్షిణ తీరంలోని డోర్సెట్, వార్మ్‌వెల్ విమానస్థావరం. బ్రిటిష్ వైమానిక దళంలోని స్క్వాడ్రన్ నంబరు 152. దాని పూర్తి పేరు 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన విరాళానికి గుర్తుగా ఆ పేరు వచ్చింది. స్క్వాడ్రన్ చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా, దాని కింద నినాదం ‘నమ్మకమైన మిత్రుడు’. బ్రిటిష్ ప్రభుత్వం నిజాంకు ఇచ్చిన బిరుదు నుంచే ఆ మాట తీసుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలోనూ 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్ 9ఏ విమానాలు కొనిచ్చింది నిజామే. ఒక్కొక్క విమానం మీదా ఆ సంగతి రాయించారు. ఆ డబ్బు ఎవరి పొలాల శిస్తులోంచి వచ్చిందన్నది వేరే చర్చ. మన బల్ల మీద మాత్రం హైదరాబాదు పేరున్న విమానం ఒకటి ఉండటానికి కారణం దొరికింది.

152వ స్క్వాడ్రన్ 1939 అక్టోబరులో మళ్లీ ఏర్పడింది. మొదట ఒకదాని మీద ఒకటి రెండు వరుసల రెక్కలున్న గ్లాడియేటర్ విమానాలు, 1940 జనవరి నుంచి స్పిట్‌ఫైర్ మొదటి రకం, అంటే మార్క్ 1లు నడిపింది. జులైలో వార్మ్‌వెల్‌కు వచ్చి పోర్ట్‌ల్యాండ్ నౌకాస్థావరాన్ని కాపాడింది. స్క్వాడ్రన్‌ను గుర్తుపట్టడానికి విమానం పక్కన రాసే కోడ్ అక్షరాలు ‘యూ ఎం’. ఇక్కడి నుంచి మనం తీసుకునే ప్రతి నిర్ణయాన్నీ ఈ తేదీని అడిగి తీసుకుందాం.

కిట్ ఎంపిక

రెండు కొలతలు ప్రచారంలో ఉన్నాయి: 1/72, 1/48, అంటే అసలు విమానంలో డెబ్భై రెండో వంతు, నలభై ఎనిమిదో వంతు. అసలు స్పిట్‌ఫైర్ రెక్కల వెడల్పు 11.23 మీటర్లు. 1/72లో అది సుమారు 156 మిల్లీమీటర్లు, అంటే అరచేతిలో పట్టేస్తుంది. 1/48లో 234 మిల్లీమీటర్లు. కాక్‌పిట్ లోపలి పనితనం చూపించాలన్న కోరిక ఉంటే 1/48 తీసుకోండి. 2018లో టామియా, 2020లో ఎడ్యువార్డ్ కంపెనీలు కొత్త అచ్చులతో తెచ్చిన 1/48 మార్క్ 1 కిట్లు రెండూ గొప్పవే. టామియాలో ముక్కలు చెప్పినట్టు కూర్చుంటాయి. ఎడ్యువార్డ్‌లో నగిషీ ఎక్కువ, ఓపికా ఎక్కువే కావాలి. మొదటిసారైతే నా సలహా 1/72, ఎయిర్‌ఫిక్స్ కొత్త అచ్చు మార్క్ 1. ధర తక్కువ, ముక్కలు తక్కువ. పాడైనా గుండె పగలదు.

ఒక్క జాగ్రత్త. ఎయిర్‌ఫిక్స్ పాత అచ్చులు కూడా బజారులో తిరుగుతుంటాయి. ముక్కల మీద రేకుల అతుకుల గీతలు లోపలికి చెక్కినట్టు కాకుండా పైకి ఉబ్బి ఉంటే అది పాతది. అతుకు సాపు చేస్తున్నప్పుడు ఆ ఉబ్బు గీతలు అరిగి మాయమవుతాయి. మొదటి ప్రయత్నానికి అది వద్దు. పెట్టె మీద ‘మార్క్ 1’ లేదా ‘మార్క్ 1ఏ’ అని ఉందో లేదో చూడండి. మార్క్ 5, మార్క్ 9 మన తేదీకి పనికిరావు.

పనిముట్లు: కొట్టులో కొన్ని, వంటింట్లో కొన్ని

కొనక తప్పనివి నాలుగు. ఒక వైపు చదునుగా ఉండే చిన్న కటింగ్ ప్లయర్, బ్లేడు మార్చుకునే సన్నటి కత్తి, సన్నమొన శ్రావణం, ప్లాస్టిక్ మోడళ్ల కోసమే చేసిన పలచటి జిగురు. ఈ జిగురు అంటించదు, కరిగిస్తుంది. రెండు ముక్కల అంచుల్నీ కొద్దిగా కరిగించి ఒకటిగా కలిపేస్తుంది. టామియా ఆకుపచ్చ మూత సీసా అలాంటిదే. కిటికీ తెరిచే పని చేయండి. ఆ వాసన పీలుస్తూ కూర్చుంటే తల పట్టేస్తుంది.

మిగతాది మన ఊళ్లోనే దొరుకుతుంది. కార్లకు రంగులేసే వాళ్లు వాడే వాటర్ పేపర్ 400, 600, 1000, 2000 నంబర్లలో ఒక్కొక్క షీటు కొనండి, ఏడాదికి సరిపోతుంది. లప్పం కూడా అదే కొట్టులో ఎన్.సి. పుట్టీ పేరుతో దొరుకుతుంది. దాన్ని చాలా పలచగా వాడాలి. మందంగా పెడితే అందులోని థిన్నర్ ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. బట్టల క్లిప్పులు, కర్రీ పాయింటు పొట్లాలకు వచ్చే రబ్బరు బ్యాండ్లు, పంటిపుల్లలు, చీపురుపుల్లలు, ఫెవికాల్, ఫెవిక్విక్, వాడేసిన టూత్‌బ్రష్ పోగేసుకోండి. గోళ్ల రంగు తుడిచే ద్రవం మాత్రం బల్ల దరిదాపులకు రానివ్వకండి. అందులో అసిటోన్ ఉంటే రెక్క మైనంలా కరిగిపోతుంది.

పనికి కూర్చునే ముందు ముక్కల ఫ్రేములన్నీ గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టండి. అచ్చులోంచి తేలిగ్గా ఊడిరావడానికి పూసిన జిడ్డు కొంత వాటి మీద మిగిలి ఉంటుంది. ఆ జిడ్డు మీద రంగు నిలవదు.

కోయడం, కాక్‌పిట్

ముక్కను చేత్తో విరిచి తీయకండి. ముందు ఫ్రేము వైపు కాస్త దూరంగా కోసి, తర్వాత మిగిలిన మొటిమను కత్తితో చెక్కి, 600 కాగితంతో రుద్దండి. తెల్లబడిన మచ్చ కనిపిస్తే అక్కడ ప్లాస్టిక్ ఒత్తిడికి లోనైందన్నమాట. రంగు కింద అది దాగిపోతుంది, కంగారు పడకండి.

కాక్‌పిట్ లోపలంతా ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు. హంబ్రోల్ కంపెనీ మోడల్ రంగుల్లో 78వ నంబరు దానికి దగ్గర. పరికరాల పలక నలుపు. రంగు ఆరాక, దాదాపు పొడిగా ఉన్న కుంచెను లేత బూడిదలో అద్ది, కాగితం మీద తుడిచేసి, ఉబ్బెత్తు భాగాల మీద తేలిగ్గా ఆడించండి. డయళ్లు తేలి వస్తాయి. సీటు బెల్టుల కోసం మాస్కింగ్ టేపును మిల్లీమీటరు వెడల్పు పట్టీలుగా కోసి, లేత గోధుమ రంగు పూసి అంటిస్తే చాలు. 1/72లో కానొపీ మూసేస్తే కనబడేది సీటు తల, బెల్టులు, అంతే. మూడు రాత్రుళ్లు అక్కడే కూర్చుని చిత్రకళ చూపించాక, మూత పెట్టేసిన రోజున వచ్చే దిగులు నాకు తెలుసు. ఒక సాయంత్రం చాలు.

ఇక్కడే తేదీ అడిగే మొదటి ప్రశ్న. ఎడమ వైపు తెరుచుకునే చిన్న తలుపు లోపల ఎర్రటి గునపం ఒకటి చాలామంది మోడళ్లలో చూస్తుంటాం. అది తర్వాతి కాలపు ఏర్పాటు, 1940 మార్క్ 1లో లేదు. మీ కిట్‌లో ఆ ఆకారం అచ్చయి ఉంటే కత్తితో చెక్కేయండి.

రెండు సగాలు ఒకటవడం

విమానం బాగుందో లేదో తేలేది ఇక్కడ. చూసేవాళ్లకు రంగు కనిపిస్తుంది కాబట్టి అందరూ రంగు గురించే అడుగుతారు. అతుకు సరిగా లేని మోడల్‌కు ఎంత మంచి రంగు వేసినా పగిలిన గోడకు సున్నం కొట్టినట్టే.

ముందు జిగురు లేకుండా కూర్చి చూడండి. శరీరపు రెండు సగాలు, మధ్యలో కాక్‌పిట్, కింద రెక్క, అన్నీ రబ్బరు బ్యాండ్లతో బిగించి, దీపానికి ఎదురుగా పెట్టి చూస్తే వెలుతురు ఎక్కడి నుంచి జారుతుందో తెలుస్తుంది. చాలాసార్లు తప్పు కాక్‌పిట్‌దే. దాని అంచు మీద రెండు పొరల రంగు పడి, ఆ మందమే సగాలు కలవకుండా అడ్డుపడుతుంది. అతుకు వచ్చే చోట రంగు గీకేయండి, అంతా మూసుకుంటుంది.

కూర్చడం నచ్చాక జిగురు. సగాలను గట్టిగా పట్టుకుని, సీసా కుంచెను అతుకు గీత మీద ఒక్కసారి తాకిస్తే చాలు, ద్రవం తనంతట తానే గీత వెంట పాకిపోతుంది. వేలు ఆ గీత మీద ఉందో, మీ వేలిముద్ర విమానం మీద ఎప్పటికీ ఉండిపోతుంది. కొన్ని క్షణాలాగి రెండు వైపులా నొక్కండి. కరిగిన ప్లాస్టిక్ సన్నటి పూసలా పైకి ఉబికి వస్తుంది. రావాలి కూడా. ఆ పూసే రేపు మీ లప్పం. మర్నాటి దాకా ముట్టుకోకుండా ఆరనిచ్చి, తర్వాత 600తో, 1000తో తడి చేసి రుద్దితే అతుకు మాయమవుతుంది. ఒక్క రాత్రి ఆగలేక అదే సాయంత్రం రుద్దితే, రెండు రోజుల్లో అతుకు లోపలికి కుంగి మళ్లీ గీత తేలుతుంది. దీనికి అడ్డదారి లేదు.

స్పిట్‌ఫైర్‌లో కళ్లు పడే చోట్లు మూడు: వీపు గీత, ముక్కు పైభాగం, రెక్క మొదలు. వీపు మీద ఏ గీతా మిగలకూడదు. రుద్దుతుంటే పక్కనున్న రేకుల గీతలు అరిగిపోతే, వాటి వెంట గట్టి టేపు ముక్కను గైడుగా అంటించి, సూది మొనతో తేలిగ్గా నాలుగైదు సార్లు గీయండి. ఒక్కసారే లోతుగా గీస్తే సూది పక్కకు జారుతుంది.

రెక్కల్లో ఒక చిక్కుంది. స్పిట్‌ఫైర్ రెక్కలు కొసల వైపు ఆరు డిగ్రీలు పైకి లేచి ఉంటాయి. కింది రెక్క ఒకే ముక్కగా, పై రెక్కలు రెండు ముక్కలుగా వస్తాయి. పై రెక్కను శరీరానికి కలిపే చోట సందు వదిలే కిట్లు చాలా ఉన్నాయి. ఆ సందును లప్పంతో నింపడం కన్నా, రెక్క కొసలను కొద్దిగా పైకి వంచి టేపుతో లాగి కట్టడమే మంచిది. సందు మూసుకుంటుంది, రెక్క కోణమూ సరిపోతుంది. కట్టాక రెండు కొసల కిందా పది రూపాయల నాణేలు దొంతిగా పేర్చి, రెండు వైపులా ఒకే ఎత్తు వచ్చే దాకా సర్దండి. ఎదురుగా కూర్చుని చూస్తే తోక రెక్కలు ఈ రెక్కలకు సమాంతరంగా ఉండకూడదు. తోక రెక్కలు నేలకు సమాంతరం, పెద్ద రెక్కలు పైకి లేస్తాయి. ఇది సరిగా రాని స్పిట్‌ఫైర్ ఎంత దూరం నుంచి చూసినా కుంటిదిగా కనిపిస్తుంది.

రెక్క కింద రెండు వైపులా ఒకేలా ఉండదు. మార్క్ 1లో కుడి రెక్క కింద పెద్ద పెట్టె ఆకారపు రేడియేటర్, ఎడమ రెక్క కింద గుండ్రటి చిన్న ఆయిల్ కూలర్. తలకిందులుగా పట్టుకుని అంటించేటప్పుడు కుడి ఎడమలు తారుమారు చేయడం చాలా తేలిక. నేను ఒకసారి చేశాను. రెక్కల మడతలు, అంటే ఫ్లాపులు, పైకే అంటించండి. అవి దిగేది నేల మీదికి వాలేటప్పుడు మాత్రమే. నిలబెట్టి ఉంచిన విమానానికి వాటిని దించి ఉంచడం ఆ రోజుల్లో తప్పు.

రంగు

మొదట ప్రైమర్, అంటే రంగు పట్టడానికి వేసే అడుగు పూత. బూడిద ప్రైమర్ పలచగా కొడితే మిగిలిపోయిన అతుకులన్నీ బయటపడతాయి. కార్ల స్ప్రే ప్రైమర్ వాడాలనుకుంటే ముందు ఖాళీ ఫ్రేము మీద కొట్టి చూడండి. కొన్నిటిలోని ద్రావకం ప్లాస్టిక్‌ను తినేస్తుంది.

మన తేదీలో పైన రెండు రంగులు: ముదురు మట్టి రంగు, ముదురు ఆకుపచ్చ. కింద ‘స్కై’ అని పిలిచే లేత పసుపు ఆకుపచ్చ. 1940 జూన్‌కు ముందు కింద సగం తెలుపు, సగం నలుపు ఉండేది. జూన్ నుంచి స్కై. హంబ్రోల్‌లో మట్టి రంగు 29, ఆకుపచ్చ 163, స్కై 90. టామియాలో ఆకుపచ్చకు ఎక్స్‌ఎఫ్-81, స్కైకు ఎక్స్‌ఎఫ్-21, మట్టి రంగుకు దగ్గరగా ఎక్స్‌ఎఫ్-52. ఎక్స్‌ఎఫ్-52 కొద్దిగా ఎర్రగా అనిపిస్తే ఒకటి రెండు చుక్కలు ఆకుపచ్చ కలపండి. ఆ వేసవిలో ఫ్యాక్టరీలు కూడా స్కై పేరుతో రకరకాల ఛాయలు వేశాయి కాబట్టి, మీ ఛాయ కొంచెం అటూ ఇటూ అయితే దిగులు వద్దు.

ముందు స్కై, తర్వాత మట్టి రంగు, చివర్లో ఆకుపచ్చ. లేత నుంచి ముదురుకు వెళ్లడం అన్నమాట. గాలి ఒత్తిడితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ ఉంటే 0.3 మిల్లీమీటర్ల నాజిల్, 15 నుంచి 20 పీఎస్ఐ ఒత్తిడి. రంగు పలచన ఎంతుండాలంటే, గిన్నె పక్కన ఒక చుక్క వేస్తే నీళ్ల మజ్జిగలా జారి, వెనక పలచటి తెర మిగల్చాలి. చిక్కటి పెరుగు మజ్జిగలా నిలిచిపోతే ఇంకొంచెం థిన్నర్ పోయండి. ఎండాకాలంలో హైదరాబాదు, విజయవాడల్లో మధ్యాహ్నం పూట యాక్రిలిక్ రంగు నాజిల్ కొసనే ఎండిపోతుంది. తెల్లవారుజామున కానీ, రాత్రి కానీ పని పెట్టుకోండి. విశాఖ తీరాన, వానాకాలంలో ఇబ్బంది వేరు. లాకర్ రంగు వేస్తే గాల్లో తేమ పట్టి తెల్లగా మసకబారుతుంది. అలాంటి రోజు రంగు వదిలేసి డెకాల్స్, అంటే నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తుల స్టిక్కర్లు, కోసుకోండి.

ఎయిర్‌బ్రష్ లేకపోతే కుంచె చాలు. నేను ఆరేళ్లు కుంచెతోనే చేశాను. రహస్యం ఏమీ లేదు. వెడల్పు మెత్తటి కుంచె, పలచటి రంగు, ఒక పొర ఆరాకే రెండోది, రెండో పొర మొదటి దానికి అడ్డంగా. నాలుగు పొరల తర్వాత మొదటి పొరలోని చారలన్నీ పోతాయి. మొదటి పొర చూసి నిరుత్సాహపడి మందంగా పూయడమే అందరూ చేసే తప్పు. సీలింగ్ ఫ్యాను ఆపేయండి. లేదంటే దుమ్ము, కుక్కపిల్ల వెంట్రుకలు, అన్నీ రెక్క మీదికి వచ్చి వాలతాయి.

రెండు పై రంగుల మధ్య అంచు ఎలా ఉండాలన్న దాని మీద మోడలర్లు గంటలు గంటలు వాదించుకుంటారు. 1/72లో ఆ అంచు కొద్దిగా మెత్తగా ఉంటే చాలు. మళ్లీ మళ్లీ వాడుకునే మెత్తటి జిగురు ముద్ద బ్లూటాక్‌ను సైకిలు చువ్వంత సన్నటి పాములుగా చేసి రంగు అంచు వెంట పెట్టి, మధ్య భాగాన్ని టేపుతో కప్పి, ఎయిర్‌బ్రష్‌ను నేరుగా పైనుంచి ఆడించండి. పక్క నుంచి కొడితే రంగు పాము కిందికి పోయి అంచు చెదురుతుంది. గోధుమపిండి ముద్దతో చేయొచ్చు, ఆరితే పగులుతుంది, అందుకే బ్లూటాక్ మేలు.

ఇక్కడ తేదీ మరో ప్రశ్న అడుగుతుంది. మచ్చల అమరిక రెండు రకాలుండేది, ఒకటి రెండోదానికి అద్దంలో ప్రతిబింబం. ఫ్యాక్టరీలో ఒక విమానానికి ఒక రకం, పక్కదానికి రెండో రకం వేసేవాళ్లు. 1941 మొదట్లో అది ఆపేసి ఒకే అమరిక ఉంచారు. మీరు కట్టే విమానం ఫొటో దొరికితే కాక్‌పిట్ కింద ఏ రంగుందో చూసుకోండి. దాన్నిబట్టి అమరిక ఏదో తెలుస్తుంది.

ప్రొపెల్లర్ బ్లేడ్లు నలుపు. కొసలు నాలుగు అంగుళాల పసుపు, అంటే మన కొలతలో మిల్లీమీటరున్నర కన్నా తక్కువ. ముందు కొసలకు పసుపు వేసి, టేపు అంటించి, తర్వాత నలుపు కొట్టండి. నలుపు మీద పసుపు వేస్తే ఆరు పొరలైనా కప్పదు. ముందున్న శంకువు, అంటే స్పిన్నర్, నలుపే. స్కై రంగు స్పిన్నర్, తోక పట్టీ ఆ ఏడాది చివరకు వచ్చినవి. పెట్టెలోని సూచనలు ఏం చెప్పినా, మన తేదీకి అవి రెండూ వద్దు.

డెకాల్స్

రంగు పూర్తిగా ఆరాక, ఒక రోజు ఆగి, మెరిసే క్లియర్ పూత వేయండి. గరుకు రంగు మీద డెకాల్ పెడితే కింద గాలి చిక్కుకుని, చుట్టూ వెండి పొరలా మెరుస్తుంది. మెరుపు మీద అది అతుక్కుపోయి రంగుతో కలిసిపోతుంది.

డెకాల్ కోసి గోరువెచ్చని నీళ్లలో ఇరవై, ముప్పై సెకన్లు ముంచి, తడి కాగితం మీద ఒక నిమిషం వదిలేయండి. తనంతట తాను జారుతుంది. నీళ్లు బోరువి కాకూడదు. బోరునీళ్లలోని ఉప్పు, సున్నం ఆరాక తెల్లటి మచ్చలుగా బయటపడతాయి. నేను మూడు మోడళ్లు పాడుచేసుకున్నాక ఆర్.ఓ. నీళ్లకు మారాను. డెకాల్ కింద మైక్రో సెట్, పైన మైక్రో సోల్ లాంటి, డెకాల్‌ను మెత్తబరిచే ద్రవాలు వాడితే రేకుల గీతల్లోకి కుంగి కూర్చుంటుంది. సోల్ వేశాక అది ముడతలు పడి భయపెడుతుంది. ముట్టుకోకండి. గంటలో తనే సాగి చదునవుతుంది.

కిట్‌లో ‘యూ ఎం’ అక్షరాలు ఉండకపోవచ్చు. విడిగా అమ్మే డెకాల్ షీట్లలో దొరుకుతాయి. లేదంటే పాత షీట్లలో మిగిలిన అక్షరాలు కూడా వాడొచ్చు. రంగు మీడియం సీ గ్రే, ఎత్తు ఒకే మాదిరి ఉంటే చాలు. సీరియల్ నంబరు మాత్రం ఊహించి రాయకండి, ఫొటోలో కనబడిన విమానానిదే పెట్టండి.

శరీరం మీది గుండ్రటి గుర్తుకు పసుపు వలయం మే నెలలో వచ్చింది, ఉండాలి. రెక్కల పైన ఎరుపు, నీలం మాత్రమే. రెక్కల కింది గుర్తులు ఆగస్టులో తిరిగి వచ్చాయి కాబట్టి సెప్టెంబరు విమానానికి పెట్టండి. చివరగా నాకు బాగా ఇష్టమైన పని. రెక్కల ముందు అంచుల్లో ఎనిమిది తుపాకుల రంధ్రాల మీద ఎర్రటి గుడ్డ ముక్కలు అంటించేవాళ్లు, చలికి తుపాకులు గడ్డకట్టకుండా, లోపలికి దుమ్ము పోకుండా. మిగిలిపోయిన ఎర్ర డెకాల్‌ను చిన్న చతురస్రాలుగా కోసి ఆ రంధ్రాల మీద పెట్టండి. యుద్ధంలోకి వెళ్లి కాల్చి తిరిగొచ్చిన విమానం కావాలంటే, వాటిని వదిలేసి రంధ్రాల చుట్టూ మసి పూయండి. రెండూ ఒకేసారి చూపించకూడదు.

మసి, మట్టి

డెకాల్స్ మీద మళ్లీ ఒక క్లియర్ పూత వేసి, ముదురు గోధుమ నూనె రంగును టర్పెంటైన్‌లో టీ డికాషన్ అంత పలచగా కలిపి గీతల్లో వదలండి. అరగంట ఆగి గుడ్డతో గాలి వెళ్లే దిశలో తుడిచేయండి. నలుపు వాడకండి. నల్ల గీతల విమానం చదరంగపు బల్లలా కనిపిస్తుంది.

వార్మ్‌వెల్ గడ్డి మైదానం. అంటే చక్రాల మీద, చక్రాల గదుల్లో ఎండిన మట్టి, గడ్డి ఆకుపచ్చ మరకలు ఉంటే నమ్మశక్యంగా ఉంటుంది. పైలట్ ఎక్కేది ఎడమ వైపు నుంచి కాబట్టి ఎడమ రెక్క మొదట్లో బూట్ల గీతలు ఎక్కువ. అక్కడ చిన్న చిన్న వెండి చుక్కలు పంటిపుల్ల మొనతో పెట్టండి. చుక్కాని, తోక రెక్కల కదిలే భాగాలు గుడ్డతో కప్పినవి. వాటి మీద వెండి గీత పడితే గుడ్డ కింద లోహం బయటపడినట్టవుతుంది, అది జరగదు. పొగగొట్టాల నుంచి శరీరం వెంట గోధుమ బూడిద మరక వెనక్కి పాకాలి. సుద్దపొడి, బొగ్గుపొడి కలిపి మెత్తటి కుంచెతో రుద్దితే చాలు. ఇదంతా అయ్యాక మెరుపు లేని (మ్యాట్) పూత ఒకటి కొట్టండి.

చివరి ముక్కలు

కానొపీని ఎప్పుడూ ఫెవిక్విక్‌తో అంటించకండి. దాని ఆవిరికి అద్దం లోపలి వైపు పాలలా మసకబారుతుంది, ఇక తుడిచే దారి ఉండదు. ఫెవికాల్ తెల్లగా పడినా ఆరాక కనబడదు. మన తేదీకి పైభాగం ఉబ్బిన కానొపీ కావాలి. 1938 నాటి చదును మూత వేరు, పెట్టెలో రెండూ ఉంటే ఉబ్బినదే తీసుకోండి. అద్దాల చట్రాలకు రంగు వేసేటప్పుడు ముందు లోపలి ఆకుపచ్చ, ఆపైన బయటి రంగు. అప్పుడు లోపలి నుంచి చూసినా చట్రం సరైన రంగులో కనబడుతుంది. చక్రాల మధ్యలోని మూతలకు మాస్కింగ్ కోసం గుండ్రటి బొట్టుబిళ్లలు చాలా బాగా పనికొస్తాయి. ఇంట్లో అడిగి తీసుకోండి.

చక్రాల కాళ్లు నిటారుగా నిలబడవు, కొంచెం ముందుకు వాలి ఉంటాయి. ఫెవిక్విక్ పెట్టే ముందు నాలుగు వైపుల నుంచీ చూసుకోండి. టైరు అడుగును వాటర్ పేపర్ మీద కాస్త రుద్ది చదును చేస్తే బరువు మోస్తున్నట్టు కనిపిస్తుంది.

ఆఖరున ఏరియల్ తీగ. మీ విమానం ఫొటోలో స్తంభం నుంచి చుక్కాని పైకి తీగ కనబడితే పెట్టండి. ఖాళీ ఫ్రేము ముక్కను ప్రమిద మంట పైన, మంట తగలకుండా, తిప్పుతూ పట్టుకోండి. మధ్యలో మెత్తబడి వంగగానే మంట నుంచి తీసి రెండు చేతులతో లాగండి. వెంట్రుకంత సన్నటి దారం వస్తుంది. నిదానంగా లాగితే మందం, వేగంగా లాగితే సన్నం. కావలసినంత కోసి, రెండు కొసలా ఫెవిక్విక్ చుక్కతో అంటించండి. తీగ వదులుగా ఉంటే, మంట ఆర్పాక నిప్పు మిగిలిన అగరొత్తి కొస వేడిని తీగకు దగ్గరగా, తాకకుండా ఒక క్షణం చూపించండి. తీగ ముడుచుకుని బిగుసుకుంటుంది. రెండో క్షణం చూపిస్తే తెగిపోతుంది, ఫ్రేము ముక్క తీసుకుని మళ్లీ ప్రమిద దగ్గరికి వెళ్లాల్సిందే.